కర్ర రానిదే బండి కదలదు

ఆ రోజుల్లో మెడలో ఒక ఈల, తలమీద ఒక టోపీ, కళ్లకు నల్లద్దాలు ఉంటే చాలు, ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు తనను తాను కలెక్టరు కంటే ఒక మెట్టు పైన ఊహించుకునేవాడు. అందరి సంగతీ నాకు తెలియదు, నా సంగతి మాత్రం అంతే. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తిచేసి, ఆరు నెలలు పాల్వంచలోని కంపెనీ క్వార్టర్సులో ఖాళీగా కూర్చుని, థర్మల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి వచ్చిన మా నాన్న పడుకున్నప్పుడు చప్పుడు చేయకుండా తిరగడం ఒక్కటే పనిగా బతుకుతున్న నాకు, ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. ఆ ఆదివారం చర్చిలో మా అమ్మ లేచి నిలబడి, "మా వాడు రోడ్ల ఇంజనీరు అయిండు, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పింది. (నేను చేయబోయేది వచ్చే బండ్లను ఆపడం, పోయే బండ్లను వదలడం అని దేవుడికి తెలుసు, నాకు తెలుసు. అమ్మకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.)

పని జరిగేది పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి మధ్య. అక్కడ రోడ్డు కింద వాన నీళ్లు పోయే తూములు మూడు కుంగిపోతే, రోడ్డును సగానికి నిలువునా తవ్వి కొత్త గొట్టాలు వేయాలి. మూడు వారాల పని. నవమికి జనం తరలివచ్చే లోపు రోడ్డు తెరవాలని పైనుంచి గట్టి మాట. అందాకా మిగిలిన సగం రోడ్డు మీదే అటు బండ్లూ ఇటు బండ్లూ వంతులవారీగా పోవాలి. మధ్యలో పెద్ద మలుపు ఉండడం వల్ల ఈ చివర నిలబడ్డవాళ్లకు ఆ చివర కనపడదు. సెల్‌ఫోను ఉన్నా ఆ టేకు చెట్ల మధ్య సిగ్నలు అందదు. వాకీటాకీలు తెప్పిస్తానని కాంట్రాక్టరు ప్రతి సోమవారం మాట ఇచ్చేవాడు. కాబట్టి పాతకాలం పద్ధతే గతి. ఎర్రగుడ్డ కట్టిన వెదురు కర్ర ఒకటే ఒకటి ఉంటుంది. పాల్వంచ వైపు నుంచి నేను ఒక విడత బండ్లను వదిలి, అందులో ఆఖరి బండికి ఆ కర్ర ఇస్తాను. ఆ బండి వెళ్లి అవతలి చివర కర్ర అప్పగిస్తే, దారి ఖాళీ అయిందని అర్థం. అప్పుడు వాళ్లు తమ విడత వదిలి, వాళ్ల ఆఖరి బండితో కర్ర నాకు పంపుతారు. కర్ర చేతికి రానిదే ఎవరూ బండి వదలకూడదు. చంటిపిల్లలకు కూడా అర్థమయ్యే పద్ధతి. డిప్లొమా చదివిన నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది, అదే ఈ కథ.

మొదటి రెండు రోజులు నా చివర జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రోడ్డు సగానికి తగ్గే చోట, సరిగ్గా గుంత అంచున, నేను నాలుగు డ్రమ్ములు నిలబెట్టి వాటి ముందు చేతులు చాపి నిలబడేవాణ్ణి. మనవాళ్లకు ముందు బండి ఆగిందంటే వెనకవాడు ఆగాలని కాదు, పక్కన సందు ఉందని అర్థం. లారీ పక్కన జీపు, జీపు పక్కన ఆటో, ఆటో పక్కన మట్టిలోకి దిగి మోటారు సైకిళ్లు, ఇలా రోడ్డంతా నిండిపోయేది. అవతలి నుంచి వచ్చే విడత బయటికి పోవడానికి చోటు ఉండేది కాదు. అటు వరస, ఇటు వరస ఎదురెదురుగా నిలబడి కౌరవ పాండవ సేనల్లా చూసుకుంటుంటే, మధ్యలో నేను ఈల ఊదేవాణ్ణి. మొదటి రోజు సాయంత్రానికి నా పెదాలు వాచిపోయాయి. నల్లద్దాలు ఉన్నా ఎవరూ భయపడలేదు. పైగా ఒక ఆటోవాడు, "అన్నా, ఈల మంచిగ ఊదుతున్నవ్, జాతరకొస్తవా" అని అడిగాడు.

అవతలి చివర మాత్రం ఏ గోలా వినపడేది కాదు. మూడో రోజు ఉదయం, నా చివర మేస్త్రిని నిలబెట్టి, అక్కడ ఏం జరుగుతోందో చూద్దామని నడుచుకుంటూ వెళ్లాను. ఆ చివర జెండా పట్టుకునేది దగ్గరి గూడెం నుంచి వచ్చే ఒక కోయ ఆమె. యాభై దాటి ఉంటాయి. అందరూ జెండా పెద్దమ్మ అనేవాళ్లు. వెనుకటి రోజుల్లో ఆమె, ఆమె భర్త రోడ్డు పనుల్లో తట్టలు మోసేవాళ్లట. జెండా పట్టే మనిషే లేని ఒక పనిలో ఆయన కాలి మీద నుంచి లారీ పోయింది. "అప్పటి సంది తట్ట ఇడిసిపెట్టి జెండా ఇయ్యమని అడిగిన" అని, ఎవరో తెలియనివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆమె వైపు బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. పక్కన సగం రోడ్డు ఖాళీ. డ్రైవర్లు దిగి బీడీలు కాలుస్తూ ఆమెతో ముచ్చట్లు పెడుతున్నారు.

"ఏంది చిన్న సారూ, నీ దిక్కు గంత లొల్లి? నీ ఈల ఈడిదాక ఇనపడుతున్నది" అంది.

నేను బింకంగా, "అటువైపు ట్రాఫిక్ ఎక్కువ" అన్నాను. ఆమె నవ్వి, రోడ్డు మీద తను చేసిన ఏర్పాటు చూపించింది. గుంత ఇంకా చాలా దూరం ఉండగానే రోడ్డు అంచున ఒక సున్నం కొట్టిన రాయి ఉంది. కొన్ని అడుగులు ముందుకు, కాస్త లోపలికి ఇంకో రాయి, దాని మీద ఒక పచ్చి కొమ్మ. అలా ఏటవాలుగా రాళ్లూ కొమ్మలూ పేర్చుకుంటూ వచ్చి, గుంత దగ్గరికి వచ్చేసరికి దారి సగమైంది. "మేకల్ని దొడ్లెకు తోలేటప్పుడు వాకిట్ల నిలబడి అదిలిస్తే ఏమైతది? ఒకటి ఇటు, ఒకటి అటు ఉరుకుతయ్. దూరం నుంచే కంప పెట్టుకుంట, కొద్దికొద్దిగ సందు తక్కువ చేసుకుంట రావాలె. వాకిలి కాడికొచ్చే యాల్లకు అవే ఒకదాని ఎనక ఒకటి అయితయ్. తొవ్వ తగ్గుతున్నదని ముందుగాల్లనే ఎరుక కావాలె గద బిడ్డా. మీదికొచ్చినంక చెప్తే మనిషైనా ఇనడు" అంది. ఒకవేళ రెండు వరసలు అయితే ఏం చేయాలో కూడా చెప్పింది. "ఇటుది ఒకటి పోనియ్యి, అటుది ఒకటి పోనియ్యి. ఇద్దరికీ నేనే ముందు పోయిన అనిపించాలె."

తిరిగి వచ్చి డ్రమ్ములు వెనక్కి జరిపి, రాళ్లు ఏటవాలుగా పేర్పించాను. మధ్యాహ్నానికి నా ఈలకు విశ్రాంతి దొరికింది. ఇక్కడ నేను చెప్పక తప్పని ఒక మాట ఉంది. రోడ్డును అలా దూరం నుంచే క్రమంగా తగ్గించుకుంటూ రావడం మా పాలిటెక్నిక్ పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే స్కేలు పెట్టి బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రోడ్డు మీద నిలబడినప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. మేకలు కాసిన ఆమె చెబితే తెలిసింది. మర్నాడు పని చూడటానికి వచ్చిన ఏఈ సారు (కోస్తా నుంచి వచ్చినాయన, మాటకన్నా కోపం ముందు వచ్చే మనిషి) ఆ రాళ్లను చూసి, "ఎవరు పెట్టించారయ్యా ఇవి, బావున్నాయే" అంటే, "టేపర్ అంటారు సార్, చదువుకున్నాం కదా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. మేకల మాట మాత్రం నా నోట రాలేదు.

పెద్దమ్మ నాకు ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. "కర్ర ఇచ్చేటప్పుడు మనిషిని చూసి ఇయ్యాలె. బస్సు డ్రైవరుకియ్యి, లారీ డ్రైవరుకియ్యి. స్కూటరోనికి ఇయ్యకు, నడుమ ఏడనన్న ఆగుతడు. నీకు ఎరుకున్నోళ్లకు అసలే ఇయ్యకు." ఎరుకున్నవాళ్లకు ఎందుకు ఇవ్వకూడదని అడిగాను. "ఎరుకున్నోడు మనదే గద అని నిమ్మళంగ పోతడు" అంది. ఆ మాట నాకు పెద్ద చాదస్తంగా అనిపించింది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఒక విడత వదులుతుంటే, ఆఖరున స్కూటరు మీద మా బాబాయి, వెనక పిన్ని ప్రత్యక్షమయ్యారు. బాబాయి పాస్టరు. మా కాలనీలో ఆయన్ని రెండు నిమిషాల బాబాయి అనేవాళ్లం, ఎందుకంటే ఎవరింటికి వెళ్లినా కాఫీ తాగి లేస్తూ, "రెండే నిమిషాలు ప్రార్థన చేసుకుందాం" అని మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడేది.

"అరే, నువ్వేనారా? టోపీల గుర్తుపట్టలే" అన్నాడు.

"నేనే బాబాయ్. ఈ రోడ్డంతా నా చేతిలోనే ఉంటది" అన్నాను. అంత మాట ఎందుకన్నానో తెలియదు. పిన్ని మాత్రం లారీ క్లీనర్ల ముందే, "బక్కగైనవ్ కదరా, ఏమన్న తింటున్నవా" అంది. పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలని, కర్రను రెండు చేతులా పట్టుకుని బాబాయి చేతికి అందించాను. "ఇది ఆ చివర జెండా పట్టుకున్న పెద్దమ్మకి ఇవ్వాలె బాబాయ్. మర్చిపోవద్దు." బాబాయి దాన్ని పిన్నికి ఇచ్చి, "ఎందుకు మర్చిపోతరా, దేవుని చిత్తమైతే పది నిమిషాల్ల ఆమె చేతిల ఉంటది" అన్నాడు. ఎక్కడికి పోతున్నారని నేను అడగలేదు. వాళ్లు పోతున్నది భద్రాచలానికి కాదు. సగం దారిలో ఎడమవైపు ఒక మట్టిబాట చీలి గూడేనికి పోతుంది, ఆ గూడెంలో ఒక ఇంటి ప్రార్థనకు. తిరిగి వచ్చేటప్పుడు కర్ర ఇచ్చేస్తే సరిపోతుందని బాబాయి అనుకున్నాడు. ఎవరిదో కాదు గనుక, మనవాడిదే గనుక.

ఇక కర్ర రాలేదు. పావుగంట, అరగంట, ముప్పావు గంట. అవతలి నుంచి ఒక్క బండి కూడా రావడం లేదు. నా వెనక వరస పెరుగుతూ పోయింది. డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి నా చుట్టూ చేరారు. "ఏంది సారూ, ఈడనే వండుకోమంటవా" అని ఒకరు, "పిల్ల పెండ్లి చూపులున్నయ్, నువ్వొచ్చి మాట్లాడుతవా" అని ఒకరు. చివరికి సత్తుపల్లి వైపు రైతు ఒకాయన జీపు దిగి వచ్చి, "ఆవిడ అక్కడ నిద్రపోయి ఉంటుందయ్యా. ఎండ చూశావుగా. దారి ఖాళీగా ఉంది, నువ్వు వదిలెయ్" అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ మాట నాకు దొరికింది. అవును, నిద్రపోయి ఉంటుంది అనుకున్నాను. కర్ర బాబాయి చేతిలో పెట్టింది నేనే అన్న సంగతి మనసులో మెదిలింది గానీ, దాన్ని పక్కకు నెట్టి, కర్ర చేతిలో లేకుండానే నా వరసను వదిలాను.

అందరికంటే ముందు జామాయిలు కర్రల లారీ పోయింది. మలుపు తిరిగాక అక్కడ ఏముందో నేను ఆలోచించలేదు. చాలాసేపటిగా బండ్లు లేకపోయేసరికి, తూము పని చేసే ఆడవాళ్లు ఐదుగురు నీడ ఉందని ఆ దారి మీదే కూర్చుని సద్ది విప్పారు. కర్ర అవతలికి చేరనిదే బండి రాదని వాళ్ల ధైర్యం. లారీ అతను బ్రేకు తొక్కి పక్కకు తిప్పాడు. ఆడవాళ్లు లేచి దూకారు. ముందు చక్రం డ్రమ్మును గుద్దుకుని గుంతలోకి దిగబడింది. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి ఐదుగురూ గట్టు మీద నిలబడి ఉన్నారు, ఎవరికీ గీత కూడా పడలేదు. నాలుగు సద్ది గిన్నెలు మాత్రం రేకుల్లా అణిగిపోయి ఉన్నాయి. టైరుకు అన్నం మెతుకులు, మామిడికాయ పచ్చడి అంటుకుని ఉన్నాయి. ఈ కథ నేను నవ్వుతూనే చెబుతాను గానీ ఇక్కడికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. నాకు చాలా భయమేసింది.

అవతలి నుంచి పెద్దమ్మ నడుచుకుంటూ వచ్చింది. ఆమె వెనకే ఏఈ సారు, మొహం కందగడ్డలా చేసుకుని. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ ముప్పావు గంటా ఆయన జీపు ఆమె వరసలోనే ఇరుక్కుని ఉంది. సర్కారు జీపు వదలమని ఆయన గద్దిస్తే, "కర్ర రాలే సారూ" అని ఆమె బస్సు ముందర రోడ్డు మీద కూర్చుందట. డ్రైవర్లు తిట్టారు, బతిమిలాడారు, హారన్లు కొట్టారు, ఆమె లేవలేదు. ఆమె లేచి ఉంటే, ఈ మలుపులో నా లారీకి ఎదురుగా నిండా జనమున్న ఎర్రబస్సు వచ్చి ఉండేది.

"కర్ర లేకుండా ఇటునించి లారీ ఎలా వచ్చింది?" అన్నాడు ఏఈ సారు.

"అటునుంచి కర్ర రాలేదు సార్. చాలాసేపు చూశాను. పెద్దమ్మ నిద్రపోయిందేమో అనుకున్నా" అన్నాను. ఒక్కొక్క ముక్క విడిగా చూస్తే నిజమే. కలిపి చూస్తే అంతకంటే పెద్ద అబద్ధం నేను ఆడలేదు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. "నేను నిద్రపోయిన అనుకున్నవా బిడ్డా?" అంది. తర్వాత ఏఈ సారుతో, "నిద్రపోతే నీ జీపు పోకపోవునా సారూ" అంది. ఆయన అసలే మండిపడుతున్నాడు. కర్ర ఏదంటే ఆమె దగ్గర లేదు, ఎక్కడుందో తెలియదు. "కర్ర పోగొట్టిందీ నువ్వే, దారి ఆపిందీ నువ్వే. రేపట్నించి నువ్వు పనిలోకి రావద్దు" అన్నాడు. మేస్త్రి తల దించుకున్నాడు. ఆమె చేతిలో ఉన్న పచ్చజెండాను మడిచి, కొంగుతో దుమ్ము దులిపి, మేస్త్రికి ఇవ్వబోయింది. కాలు పోయిన మనిషి ఇంట్లో ఉన్నాడు, మళ్లీ తట్ట మోసే వయసు కాదు. అది నాకు తెలుసు.

అప్పుడు నేను నోరు విప్పాను. "సార్, కర్ర ఆమె దగ్గరకు అసలు పోలేదు. మా బాబాయి కనపడితే నేనే గొప్పకు పోయి స్కూటరు మీద ఇచ్చాను. ఇవ్వద్దని ఆమె ముందే చెప్పింది. ఆ రాళ్లు పెట్టడం కూడా ఆమెను చూసే నేర్చుకున్నాను, పుస్తకంలో చూసి కాదు."

ఆ మాట పూర్తవుతుండగానే మట్టిబాటలో నుంచి బాబాయి స్కూటరు వచ్చి ఆగింది. వెనక పిన్ని, ఎర్రగుడ్డ కర్రను ధ్వజస్తంభంలా నిలబెట్టి పట్టుకుని. "ఏమైందిరా, ఇంతమంది జమైనరు?" అన్నాడు బాబాయి. పిన్ని కర్రతోపాటు ఒక బూందీ పొట్లం కూడా నా చేతిలో పెట్టి, "ప్రార్థనల ఇచ్చిన్రు, తిను" అంది. ఏఈ సారు ఒకసారి కర్రను, ఒకసారి బూందీని, ఒకసారి నన్ను చూశాడు. "మీరు పాస్టరు గారా?" అని బాబాయిని అడిగి, "అయితే ఇతని కోసం కొంచెం ప్రార్థన చెయ్యండి. రేపట్నించి ఆవిడ దగ్గర జెండా పట్టుకుంటాడు" అన్నాడు. అది వెటకారమని మా బాబాయికి తెలిస్తే ఆయన బాబాయి ఎందుకవుతాడు? "రెండే నిమిషాలు" అని అక్కడే కళ్లు మూసుకున్నాడు. లారీ క్లీనరుతో సహా అందరూ తలలు వంచారు. కాసేపు చూసి పెద్దమ్మే అంది, "అయ్యగారూ, దేవుడు యాడికీ పోడు. ముందుగాల్ల బండ్లను పోనియ్యుండ్రి." తవ్వే మిషనుతో లారీని పక్కకు లాగించి, ఇటుది ఒకటి, అటుది ఒకటి అంటూ, ఆ చిక్కును ఆమె ఒక్కతే విప్పింది.

మిగిలిన రోజులు నేను ఆమె చేతికింద పనిచేశాను. మొదటి రోజే నల్లద్దాలు తీయించింది. "డ్రైవరుకు నీ కండ్లు కనపడాలె బిడ్డా. కండ్లు కనపడని మనిషి చెయ్యెత్తితే ఎవడు ఆగుతడు?" నవమికి ముందే రోడ్డు తెరిచారు. ఆ తర్వాత నేను చాలా రోడ్ల మీద పనిచేశాను. ఇప్పుడు బాణం గుర్తుల లైట్లున్నాయి, వాకీటాకీలున్నాయి. ఈ కథ మా ఇంట్లో, ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ ఇలాగే, ముందు నేను నిజం ఒప్పుకున్నట్టు, ఆ తర్వాత స్కూటరు వచ్చినట్టు. వినేవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు.

పని ఆఖరి రోజు సాయంత్రం, డ్రమ్ములు ట్రాక్టరుకు ఎక్కిస్తుంటే, నేను కూడా మెచ్చుకోలు కోసమే పెద్దమ్మ దగ్గర ఆ మాట ఎత్తాను. "ఏదైతేనేం పెద్దమ్మా, ఆ రోజు సారు ముందర నిజం చెప్పిన కదా" అన్నాను.

ఆమె నవ్వింది. "అవ్, చెప్పినవ్. ఆ స్కూటర్ సప్పుడు నాక్కూడ ఇనపడ్డది బిడ్డా" అంది.

మా బాబాయి స్కూటరు చప్పుడు మా కాలనీలో గుర్తుపట్టనివాళ్లు లేరు. గూడెం బాటలో అది మొదలైనప్పుడే నా చెవిన పడింది. నేను నోరు విప్పింది ఆ తర్వాతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పెద్దమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకుంటూ, "సప్పుడు ఇనపడ్డంక గూడ చెప్పనోళ్లను నేను శానమందిని చూసిన" అని, గూడెం వైపు నడిచిపోయింది. ఆ స్కూటరు రాకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె అన్న ఆ ఒక్క ముక్క పట్టుకుని, ఇన్నేళ్లుగా నేను మంచివాణ్ణే అనుకుంటూ బతుకు లాగించేస్తున్నాను.